తప్పు తూటాది కాదు

మా క్లబ్బులో పాయింట్లు రాసే బల్ల దగ్గర నేను ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాను. పిస్తోలు కాల్చే మగాళ్లు చెప్పే సాకులన్నీ నాకు కంఠతా వచ్చు. గాలి తోసేసింది. ఎండ కంట్లో కొట్టింది. పక్కవాడి పిస్తోలు కక్కిన వేడి గుల్ల ఎగిరొచ్చి చొక్కాలో పడింది. ఇవేవీ చెల్లకపోతే ఆఖరుకి తూటా ఉండనే ఉంది. "ఈ డబ్బాలో తూటాలు కుదరలేదు ఈనిడ్, లేకపోతేనా!" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తన తూటాలు తానే చేసుకునేవాడు ఆ మాటంటే నవ్వి ఊరుకుంటాను. ఆరిన్ క్రెట్జర్ అన్న మాట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఎందుకంటే అతని తూటాలు చేసేది అతని భార్య విల్డా.

విల్డా మా ఊరి బేరింగుల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు పనిచేసింది. కొలతల గదిలో ఉద్యోగం. ఉక్కు గోళీలు వరసగా వస్తుంటే, వెంట్రుకవాసి తేడా ఉన్నదాన్ని ఏరి అవతల పారేయాలి. ఆమె "బాగుంది" అన్న పెట్టెని మళ్లీ తెరిచి చూసినవాడు లేడు. ఒకసారి ఫోర్‌మన్ వచ్చి, "ఇంత తేడాకి ఏమవుతుంది విల్డా, పంపించెయ్" అన్నాడట. "ఏమీ కాకపోతే నన్నెందుకు పెట్టుకున్నారు?" అని ఆ పెట్టె తీసుకెళ్లి అతని కాళ్ల దగ్గర పెట్టింది. మనిషి పొట్టి, మాట తక్కువ. అన్న మాట వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

పిస్తోలు పిచ్చి ఆరిన్‌ది. పైపులు బిగించే పనిలో ఉండేవాడు. పెళ్లైన మూడో ఏడు తూటాలు చేసే ప్రెస్ ఒకటి తెచ్చి గ్యారేజీలో బిగించాడు. రెండు నెలలు తంటాలు పడ్డాడు. ఒకదాంట్లో మందు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. ఒకరోజు అసలు మందే పడని తూటా ఒకటి కాల్చాడు. గుల్ల అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ మాత్రం టప్పుమంది, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుపోయింది. అది చూసుకోకుండా ఇంకోటి కాల్చి ఉంటే పిస్తోలు చేతిలోనే పగిలేది. ఆ మధ్యాహ్నం విల్డా గ్యారేజీలోకి వెళ్లి, "లే ఆరిన్. ఇది నీ పని కాదు" అని అతన్ని స్టూలు మీంచి లేపింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఆ స్టూలు ఆమెదే.

ఆమె పని చేస్తుంటే నేను చాలాసార్లు చూశాను. ఫోను తీసి పక్కన పెట్టేది. బల్ల మీద ఒక్కటే మందు డబ్బా ఉండాలి, రెండోది కంటికి కనబడకూడదు. సీసం కరిగించి గుండ్లు తనే పోసేది, ఒక్కోటీ తూచేది. లోపల గాలి బుడగ ఉన్న గుండు తక్కెడలో తేలిపోతుంది కదా, దాన్ని మళ్లీ మూకుట్లో పడేసేది. కాల్చిన ఇత్తడి గుల్లల్ని ఏ కంపెనీవి ఆ కంపెనీవిగా, ఎన్నిసార్లు కాల్చినవో చూసి వేరు చేసేది. మందు పోశాక యాభై గుల్లలూ చెక్క పలకలో నిలబెట్టి, దీపం వంచి ఒక్కో గుల్లలోకీ తొంగి చూసేది. అన్నింట్లో మందు ఒకే ఎత్తులో ఉంటేనే గుండు కూర్చోబెట్టేది.

మంచి తూటా ఒక్కరోజులో రాదు. మందు చిటికెడులో చిటికెడు పెంచి పది తూటాలు, ఇంకాస్త పెంచి ఇంకో పది. ఏ పది గుండ్లు కాగితం మీద దగ్గరగా పడతాయో చూడాలి. మందు మారిస్తే గుండు మార్చకూడదు. గుండు మారిస్తే అది కూర్చునే లోతు మార్చకూడదు. రెండూ ఒకేసారి మార్చినవాడు ఏది పని చేసిందో చచ్చినా చెప్పలేడు. విల్డా చేస్తుంది, ఆరిన్ యాభై గజాల దూరం నుంచి కాలుస్తాడు, చిల్లులు పడిన కాగితం ఆమె తీసుకుని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. కుదిరిన ప్రతి విడతలోనూ యాభై తూటాలు తేదీ వేసి రేకు పెట్టెలో దాచేది. ఫ్యాక్టరీ అలవాటు.

మా దగ్గర ఒకరు చేసిన తూటా ఇంకొకరు కాల్చరు. తమ్ముడు చేసినదైనా సరే. విల్డా ఒక్కదానికే ఆ కట్టు సడలింది. మా జట్టులో నలుగురు, నలుగురి పిస్తోళ్లకీ ఆమే చేసేది. ఒక్కో గొట్టానికి ఒక్కో రుచి అని, ఎవరిది వాళ్లకి వేరే చేసేది. ఆరిన్ ఆ తూటాలతో మూడువందలకి రెండువందల తొంభై దాకా కొట్టాడు. మా జిల్లాలో ఆ అంకె దాటినవాడు లేడు.

తర్వాత దిగడం మొదలైంది. రెండువందల ఎనభై. డెబ్బై నాలుగు. అరవై ఆరు. ప్రతి ఆదివారం ఇంటికెళ్లి డబ్బా బల్ల మీద విసిరేసేవాడు.

"ఏం చేశావే ఇందులో? గుండు గుండుకీ పొంతన లేదు."

విల్డా మందు మార్చింది. కుదరలేదన్నాడు. గుండు బరువు మార్చింది. ఇంకా పాడైందన్నాడు. సీసంలో తగరం పాళ్లు మార్చింది, లోతు మార్చింది, గుల్ల మూతి ఎంత నొక్కాలో అది మార్చింది. రెండేళ్లలో నలభై రకాలు చేసింది. ఇరవయ్యారేళ్లు గోళీల్లో తప్పులు ఏరిన మనిషి, తక్కెడ చెప్పినదాన్ని కాదని మొగుడు చెప్పినదాన్ని నమ్మింది. ఇందులో ఆమె తప్పు కూడా ఉంది, నేను దాచను. కాల్చే చెయ్యి ఎప్పటిలాగే ఉందనుకుని, దాని కొలతతో తూటాని దిద్దుతూ పోయింది. కొలబద్దే వంగిపోయిందని ఆమెకి తట్టలేదు.

తట్టింది నవంబరులో. ఆ సంగతి నాకు చాలా తర్వాత చెప్పింది. రేకు పెట్టెలోంచి నాలుగేళ్ల కిందటి తూటాలు ముప్పై తీసింది. అవి ఆరిన్ రెండువందల తొంభై కొట్టిన విడతలోవి. వాటిని కొత్త డబ్బాలో పెట్టి, పైన 'నలభై ఒకటో రకం' అని చీటీ అంటించి ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అతను తిరిగొచ్చేసరికి ఆమె బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.

"ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే మరీ దరిద్రం" అన్నాడు ఆరిన్. "నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకెవర్నైనా చూసుకుంటాను."

"అవి నాలుగేళ్ల కిందటివి ఆరిన్. నువ్వు కప్పు గెలిచినవి."

చేతిలోని డబ్బా తిప్పి తిప్పి చూశాడట. తర్వాత, "మందు పాతబడిపోయి ఉంటుంది" అన్నాడు.

"మందు పాతబడలేదు. నీ చెయ్యి వణుకుతోంది. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు చూస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నా మీద దొంగ పరీక్షలు పెడతావా? నా ఇంట్లో? నా చేతికేం రోగం లేదు. నీ కళ్లకే వచ్చింది!" అని కుర్చీ తన్నేసి బయటికి పోయాడు. ఆమె దుంపలు ఉడకబెట్టుకుని ఒక్కతే తింది.

జనవరిలో మా క్లబ్బు ఏడాది సమావేశం జరిగింది. పాయింట్లు రాసే పుస్తకంలోనే సమావేశం సంగతులూ నేనే రాస్తాను. జట్టుకి తూటాలు ఎవరు చెయ్యాలన్న మాట ఎప్పుడూ వచ్చేది కాదు, ఆసారి వచ్చింది. తెచ్చింది మా సమావేశాలు నడిపే డ్వైట్ ఫెనర్. ఇతను కొత్తగా ఒక యంత్రం కొన్నాడు. పిడి ఒకసారి లాగితే ఒక తూటా పడుతుంది, గంటకి ఆరువందలు. ఆ యంత్రం గురించి వినీ వినీ మా చెవులు తూట్లు పడ్డాయి. విల్డా ఆ సమయానికి వెనక వంటగదిలో ఉంది. మా అందరికీ బీన్సూ మాంసమూ ఉడికిస్తోంది.

ఆరిన్ లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి జేబులో ఉంది.

"చెప్పక తప్పడం లేదు. విల్డా కళ్లు మునుపట్లా లేవు. తక్కెడ ముల్లు సరిగ్గా చూడలేకపోతోంది. నా సొంత పెళ్లాం గురించి నేనే ఇలా చెప్పాలంటే నాకేమైనా సరదానా? జట్టు మంచి కోసం చెబుతున్నాను."

చూశారా ఆ మాట! జట్టు మంచి కోసమట! తన చెయ్యి జేబులో దాచుకుని, ఆమె కళ్లు తీసుకొచ్చి నలుగురి ముందూ పెట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినవాళ్లని చూశాను గానీ, దుత్త చేత అన్నం వండించుకుంటూ దాన్నే పగలగొట్టినవాణ్ణి అప్పుడే చూశాను.

"పాపం, కట్టుకున్నవాడే అంటున్నాడంటే నిప్పు లేనిదే పొగ రాదు కదా" అన్నాడు డ్వైట్. "ఇక జట్టు తూటాలు నా యంత్రం మీదే చేద్దాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది.

ఎందుకెత్తావంటే ఏం చెప్పను? అందరూ ఎత్తారు. ఆకలేస్తోంది. వాసన బాగా వస్తోంది. జట్టులో మిగతా ముగ్గురూ విల్డా తూటాలతోనే కాలుస్తున్నారు, వాళ్ల పాయింట్లు ఒక్కటీ తగ్గలేదు. ఆ అంకెలు వారం వారం రాసింది ఈ చేత్తోనే. కళ్లు పోయిన మనిషైతే ఒక్క ఆరిన్ తూటాలే చెడగొడుతుందా? ఈ ముక్క ఇంకెవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. ఆ పుస్తకం నా ఒళ్లోనే ఉంది.

అప్పుడే విల్డా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంకా గాల్లోనే ఉన్న చేతుల్ని ఒక్కోటీ చూసింది. నా దాకా వచ్చి, కాస్త ఆగి, అవతలికి చూసింది.

"చల్లారిపోతోంది, తినండి" అంది.

తిన్నాం. సిగ్గులేకుండా రెండోసారి కూడా వడ్డించుకున్నాం.

ఏప్రిల్ మొదటి శనివారం ఆమె పికప్ బండి క్లబ్బు ముందు ఆగింది. వెనక గోనెసంచీ కింద ఇనప సరంజామా ఒకటి ఉంది. పక్క జిల్లా తుపాకుల మిస్త్రీ దగ్గర అరువు తెచ్చిందట. మేం దాన్ని ఇనప చెయ్యి అంటాం. సిమెంటు దిమ్మకి బోల్టులతో బిగిస్తారు. పిస్తోలు పిడికి ఉన్న చెక్కలు విప్పి దాంట్లో పట్టిస్తారు. కాల్చాక పైకి లేస్తుంది, దాన్ని మళ్లీ ఉన్న చోటికే దించుతారు. దానికి కన్నూ లేదు, గుండె దడా లేదు, వణుకూ లేదు. అందులో పెట్టి కాలిస్తే తూటా సంగతి తూటాదే.

పక్క సీట్లో ఉన్న ఆరిన్ బండి దిగనంటున్నాడు. "నా పిస్తోలు ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు."

"బీరువా తాళం రెండోది నా దగ్గరుంది. పిస్తోలు తెచ్చేశాను. నువ్వు దిగితే దిగు, లేకపోతే అద్దంలోంచి చూడు."

దిగాడు. శనివారం సాధన రోజు కాబట్టి అందరం ఉన్నాం. డ్వైట్ చేతులు కట్టుకుని దిమ్మ పక్కన నిలబడ్డాడు. విల్డా రెండు డబ్బాలు తీసి పెట్టింది. ఒకటి నాలుగేళ్ల కిందటిది, నవంబరులో ముప్పై పోగా మిగిలిన ఇరవై. రెండోది జనవరికి ముందు చేసిన ఆఖరి విడత, ఆరిన్ పనికిరాదన్నది.

మొదట నాలుగైదు కాల్చింది. అవి కాగితం మీద అక్కడొకటీ ఇక్కడొకటీ పడ్డాయి. డ్వైట్ పళ్లికిలించాడు.

"ఏమమ్మా విల్డా, ఇనప చేతికి కూడా నీ తూటాలు నచ్చలేదా?"

"పిస్తోలు పట్టులో కుదురుకోవాలి. నీకు తెలియకపోతే నోరు మూసుకుని తెలుసుకో."

కాగితం మార్చింది. కొత్త విడతలోవి పది కాల్చింది. ఒక్కోసారీ పైకి లేచిన ఇనప చేతిని అదే చోటికి, అదే బరువుతో, తొందర లేకుండా దించింది. నేను వెళ్లి కాగితం తెచ్చాను. పది చిల్లులూ ఒక యాపిల్ పండు కింద దాగిపోతాయి. అన్నీ పది గీత లోపలే, పది పాయింట్లిచ్చే నడిమి చక్రంలో. ఇంకో కాగితం. పాతవి పది. అదీ నేనే తెచ్చాను. పది చిల్లులూ కలిసి ఒక్క చిరుగులా ఉన్నాయి. కోడిగుడ్డు పెడితే కనబడవు.

విల్డా రెండు కాగితాలూ దిమ్మ మీద పక్కపక్కన పరిచింది.

"చూడండి" అంది. "ఇది నేను నాలుగేళ్ల కిందట చేసింది. ఇది రెండేళ్లు ఈయన మాట విని బాగుచేసింది. బాగుచేయలేదు, చెడగొట్టాను. ఇంత చెడగొట్టాను. అయినా పది గీత దాటలేదు. నా కళ్లు పోయాయన్నారు కదా, ఎవరైనా వచ్చి కొలవండి."

ఎవరూ కొలవలేదు. డ్వైట్ చూపు కాగితం మీంచి మెల్లగా ఆరిన్ కుడిచేతి మీదికి పోయింది. అందరి చూపులూ పోయాయి. ఆ చెయ్యి అప్పుడు జేబులో లేదు. బొటనవేలు దానంతటదే చూపుడువేలి మీద రాసుకుంటోంది, గింజలు నలుపుతున్నట్టు. అతను ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆపబోయాడు.

"ఎక్కు" అంది విల్డా బండి తలుపు తీసి. "సోమవారం దాకా ఆగను. పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్తున్నాం. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, దార్లో తిడతాను."

పార్కిన్సన్స్ అన్నారు. మొదలై రెండు మూడేళ్లు అయ్యుంటుందన్నారు. ఆ కబురు వినగానే ఊరంతా మెత్తబడిపోయింది. కేకులు పట్టుకెళ్లారు, చేతులు పట్టుకున్నారు. "పాపం ఆరిన్, ఎంత గొప్పగా కాల్చేవాడు!" పాపం విల్డా అన్నవాడు ఒక్కడు లేడు. నాలుక మీదికి జాలి ఎంత తేలిగ్గా వస్తుందో! న్యాయం రావడానికే వీళ్లకి ప్రాణం పోతుంది. నాకు ఆ కేకులన్నీ తీసి కుక్కలకి వెయ్యాలనిపించింది. నేను కూడా ఒకటి పట్టుకెళ్లాననుకోండి.

జనవరి మాట మళ్లీ ఎత్తింది విల్డాయే. తర్వాత ఆరినే నాతో చెప్పాడు. మాత్రలు ఇచ్చి, మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా కూర్చుందట.

"నలుగురిలో అన్నావు. నలుగురిలోనే వెనక్కి తీసుకో."

"రోగిష్టివాణ్ణి. ఇప్పుడు కూడా వదలవా?"

"రోగం నీ చేతికి ఆరిన్. నోటికి కాదు."

మే నెల సమావేశానికి ఇద్దరూ వచ్చారు. ఆరిన్ లేచాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకోలేదు. కోడిగుడ్డంత చిరుగున్న కాగితం ఆ చేత్తోనే పట్టుకున్నాడు. అది గడగడ వణుకుతూ చప్పుడు చేస్తోంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించలేదు. మనిషి మీద నాకున్న కోపంలో సగం ఆ చప్పుడుకి పోయింది. సగం ఉంది.

"జనవరిలో నేను అబద్ధం చెప్పాను" అన్నాడు. "నవంబరులోనే ఈమె నాకు చూపించింది. తూటా బాగుందని నాకు తెలుసు. నా చెయ్యి పోయిందని ఒప్పుకోలేక ఈమె కళ్లు పోయాయన్నాను. ఇక నేను జట్టులో ఉండను. తప్పు తూటాది కాదు. ఎప్పుడూ కాదు."

కూర్చున్నాడు. విల్డా అతని వంక చూడలేదు గానీ, కాగితం తీసుకుని మడత పడకుండా తన ఒళ్లో పెట్టుకుంది.

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో అతని తర్వాతే ఎవరైనా. "అయితే జట్టు తూటాలు మళ్లీ విల్డాకే అప్పగిద్దాం. ఒప్పుకున్నవాళ్లు..."

అతని మాట పూర్తికాకుండానే చేతులు లేచాయి. ఈసారి నేనే ముందు ఎత్తాను. పదకొండు చేతులూ గాల్లో ఉన్నాయి, అందరి మొహాల్లోనూ పెద్దమనిషి నవ్వు.

"దించండి" అంది విల్డా.

మేం దించలేదు. మర్యాదకి అంటోందనుకున్నాం.

"దించండి అన్నాను!" ఆమె లేచింది. అన్నేళ్లలో ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. "ఆయన చెయ్యి వణికింది, భయపడ్డాడు, నా మీదికి తోశాడు. ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీ చేతులు వణకలేదే! నా తూటాలతో పదేళ్లు గెలిచి, ఒక్కడైనా వంటగదిలోకి వచ్చి, నిజమేనా విల్డా అని అడిగారా? ఆయన చేతికి ఏం జబ్బో డాక్టరు చెప్పాడు. మీ చేతులకి ఏం జబ్బు?"

చేతులు ఒక్కోటీ దిగాయి. నాది ఆఖర్న దిగింది, భుజం పట్టేసినట్టు.

"జట్టుకి నేను చెయ్యను. ఫెనర్ యంత్రంతో చేయించుకోండి, గంటకి ఆరువందలు" అని ఆరిన్‌ని లేవమని భుజం తట్టింది. గుమ్మం దాకా వెళ్లి, నా బల్ల దగ్గరికి వెనక్కి వచ్చింది.

"ఈనిడ్, జనవరి పేజీ తియ్యి."

తీశాను. 'పదకొండు మంది ఒప్పుకున్నారు' అని నా గుండ్రటి చేతిరాతలో ఉంది.

"పదకొండు అని రాశావు. ఎవరెవరో రాయలేదు. పేర్లు రాయి."

డ్వైట్ తల తిప్పుకున్నాడు. విల్డా నిలబడే ఉంది, ఫ్యాక్టరీలో పెట్టె దగ్గర నిలబడ్డట్టు, తొందర లేకుండా. నేను పెన్ను మూత తీసి, మొదట నా పేరు రాశాను.